ఈగా, ఈకా

మత్తయి దొడ్డమనసుగల మనిషి కాబట్టే తమ్ముడు జీవరత్నాన్ని ఊరవతలకి పంపకుండా దొడ్డిలోనే పెట్టుకున్నాడు. గేదెలపాక శుభ్రంగా ఊడ్పించి, ఓ మూల నులకమంచం వేయించి, గేదెని కాస్త అవతలికి జరిపి కట్టించాడు. గేదె ఏమీ అనలేదు. జీవరత్నమూ ఏమీ అనలేదు. జీవరత్నం ఏమీ అనకపోవడం ఆ ఇంట్లో అదే మొదటిసారి.

అంతకుముందు అతని నోరు మూతపడేది ప్రార్థనలో మాత్రమే, అదీ సగం సగం. తెల్లదొరల హయాంలో ఖరగ్‌పూరు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా ఉన్న రోజుల్లో అక్కడి తెలుగువాళ్లు అతని మాటల కోసమే ఆదివారాలు పోగయ్యేవాళ్లు. ఆ ఊళ్లోనే కాలా అజార్ అనే నల్లజ్వరం తగులుకుంది. పొట్ట కుండలా, కాళ్లూ చేతులూ పుల్లల్లా అయిపోయి, ఫిట్టరు కాస్తా అన్‌ఫిట్టరై, ఆస్పత్రిలో సూదులు పొడిపించుకుని, ప్రాణం దక్కించుకుని కొల్లేరు పక్కనున్న సొంతూరు చేరాడు.

"నేనసలే నలుపు. నల్లజ్వరం నన్నెలా కనిపెట్టిందో! దీపం పుచ్చుకుని వెతికుంటుంది," అని ఊరందరినీ నవ్వించాడు.

రెండేళ్లు గడిచాక చేతులమీద తెల్లటి మచ్చలు తేలాయి. ముక్కు పక్కన ఎర్రగా కందింది. గడ్డం మీద చిన్న చిన్న బొడిపెలు లేచాయి. మచ్చలు వచ్చాయి, మచ్చిక పోయింది. కుష్టు అని ఊరు తీర్మానించేసింది. ఆ మాట అందరూ అంటారు, అతన్ని మాత్రం ఎవరూ అంటరు.

భార్య దేవకుమారి రెండుపూటలా అన్నం గిన్నె తెచ్చి పాక గడపలో పెట్టి, నూతి దాకా వెనక్కి వెళ్లి, అక్కణ్ణుంచి మాట్లాడేది.

"ఏవండీ, అన్నం పెట్టానండి."

"కూరేంటే?"

"కొర్రమీను పులుసండి."

"అందుకేనా, గిన్నెలోంచి కొరకొరా చూస్తోంది!"

ఆవిడ నవ్వేది. నవ్వి, మొహం పక్కకి తిప్పుకునేది. నాలుగేళ్ల కూతురు పుష్పలత తల్లి కుచ్చెళ్లు పట్టుకుని నాన్నకేసి చూసేది. ఒకసారి పాకలోకి పరుగెత్తబోతే తల్లి రెక్క పుచ్చుకుని వెనక్కి లాగింది. ఆ పూట జీవరత్నం గిన్నె ముట్టలేదు.

ఆ తరవాత చమత్కారాలన్నీ గేదెకే చెప్పుకున్నాడు. అది శ్రద్ధగా నెమరువేసేది. ఒక్కో మాటని అంతసేపు నెమరువేసే శ్రోత ఖరగ్‌పూరులో కూడా దొరకలేదు. పొద్దువాలేసరికి గోడ నెర్రెల్లోంచి నలుసులంత పురుగులేవో వచ్చి కాళ్లు కుట్టేవి. దోమయితే కాస్త సంగీతం వినిపించి మరీ కుడుతుంది. వీటికి ఆ మర్యాద కూడా లేదు.

ఒక ఉదయం మత్తయి పాక ముందు నిలబడ్డాడు.

"ఒరేయ్ జీవరత్నం, గోదావరి అవతల ఆశ్రమం ఉందట్రా. బాగా చూసుకుంటారట. రోగం అదేనని డాక్టరు చెబితే చేర్చుకుంటారట. ఏలూరు వెళ్దాం, రా."

"వెళ్తే మళ్లీ ఎప్పుడు రావచ్చు అన్నయ్యా?"

మత్తయి పాక దూలం కేసి చూశాడు. "రావడం అంటూ ఉండదట్రా," అన్నాడు.

కాలవ పడవలో ఇద్దరూ ఏలూరు బయల్దేరారు. అన్న ఈ కొసన, తమ్ముడు ఆ కొసన. ఒకే కడుపున పుట్టినవాళ్ల మధ్య పడవంత ఖాళీ.

డాక్టరుగారి పేరు నిత్యానందం. ఆనందం పేరుకే, మొహం మాత్రం ఆముదం తాగినట్టుంది. ఆయన జీవరత్నాన్ని బల్లమీద కూర్చోబెట్టి, సొరుగులోంచి కొంగ ఈక ఒకటి తీశాడు.

"కళ్లు మూసుకో. ఎక్కడ తగిలితే అక్కడ వేలు పెట్టి చూపించు. తెల్లమచ్చ కుష్టుదైతే దానికి స్పర్శ ఉండదు."

జీవరత్నం కళ్లు మూసుకున్నాడు. గుండె మాత్రం మూసుకోలేదు, దబదబ కొట్టుకుంటోంది. మోచేతి కింద మచ్చమీద ఏదో తాకింది. ఊపిరంత మెత్తగా తాకింది.

"ఇక్కడండి."

భుజం మీది మచ్చ. "ఇక్కడండి." చెంప మీద. "ఇక్కడండి, ఇక్కడ." డాక్టరు ఈక కింద పెట్టి, మోచెయ్యి పట్టుకుని వెనకనున్న నరం వేళ్లతో తడిమాడు. వట్టి చెయ్యి. వెచ్చటి మనిషి చెయ్యి.

"ఏమయ్యా, ఏడుస్తున్నావు? నొప్పా?"

"కాదండి. ఆ చెయ్యి ఇంకాసేపు ఉంచండి బాబూ."

డాక్టరు కాసేపు ఉంచాడు. తరవాత బొడిపె ఒకటి గీరి, మైక్రోస్కోపులో పెట్టి చూసి, వెనకటి జబ్బుల గురించి అడిగాడు. మత్తయిని లోపలికి పిలిచాడు.

"కుష్టు కాదు. ఆ నల్లజ్వరమే రక్తం ఖాళీ చేసి చర్మంలో మకాం పెట్టింది. సూదిమందుకి పోతుంది, కాకపోతే కొన్ని నెలలు పడుతుంది. ముట్టుకుంటే రాదు."

మత్తయి తమ్ముడి భుజం మీద చెయ్యి వెయ్యబోయి, మధ్యలో ఆపి, సిగ్గుపడి, మళ్లీ వేశాడు. పడవవాడు వెళ్లిపోతాడేమోనంటూ కళ్లొత్తుకుంటూ బయటికి నడిచాడు.

"ఇంట్లో ఎక్కడ పడుకుంటున్నావు?" అని అడిగాడు డాక్టరు.

"గేదెలపాకలోనండి. ఇంటికీ పాకకీ ఒకటే మట్టిగోడండి."

ఆముదం మొహం ఇంకాస్త ముడుచుకుంది. "ఇసక ఈగ అని ఒకటుంది. ఇసకలో ఉండదు, ఈగలా ఉండదు. దోమకన్నా చిన్నది, చప్పుడు చెయ్యదు. పశువుల పాకల్లో, గోడ నెర్రెల్లో ఉంటుంది. అది నిన్ను కుట్టి, ఆ నోటితోనే పక్కవాళ్లని కుడితే ఈ జబ్బు వాళ్లకి పోతుందని నా అనుమానం. పెద్ద డాక్టర్లు ఇంకా తేల్చలేదనుకో. కానీ నా పిల్లలైతే నీ మచ్చలు మానేదాకా నీ పక్కన పడుకోబెట్టను. అది ఎత్తుకి ఎగరలేదు, గాలికి నిలవలేదు. నువ్వు ఎత్తున, గాల్లో పడుకో."

జీవరత్నం డాక్టరు కింద పెట్టిన ఈకకేసి చూశాడు. "ఆ ఈక నాకిస్తారాండి?" అన్నాడు.

తిరుగు ప్రయాణంలో జీవరత్నం అన్న పక్కనే కూర్చున్నాడు. డాక్టరు చెప్పిన రెండో మాట ఈ లోకంలో తనొక్కడికే తెలుసు. అదీ అనుమానమే. కడుపులో పెట్టుకుంటే ఈ పూటే ఇంట్లో మంచం.

దేవకుమారి ఈసారి నూతి దగ్గర ఆగలేదు. వచ్చి అతని మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, మచ్చ మచ్చనీ తడిమి చూసింది. ఇంట్లో నడిమిగదిలో చాప పరిచింది, పక్కన పిల్లకి బొంత వేసింది. పుష్పలత నాన్న ఒళ్లోకెక్కి కూర్చుని, కాలు గోక్కుంది.

"ఏంటమ్మా అది?"

"కుట్టింది నాన్నా."

పిక్కమీద ఎర్రటి చుక్కలు. జీవరత్నం గోడకేసి చూశాడు. అటువైపు గేదె కదిలిన చప్పుడు వినిపించింది. పిల్లని మెల్లిగా ఒళ్లోంచి దింపి, డాక్టరు మాట అంతా చెప్పాడు.

"కుష్టు కాదన్నారు కదండీ! అనుమానానికి కూడా మనల్ని విడదీస్తారేంటండీ? ఇవాళ్టికి పడుకోండి, రేపు చూద్దాం."

"ఇవాళ ఈగకి సెలవు లేదే."

మర్నాడు మత్తయి గోడ నెర్రెలన్నీ మట్టితో మెత్తించాడు. అప్పటికే జీవరత్నం కొల్లేటి గట్టున, వరిచేలమీద పడే బాతుల్ని తోలే మంచె ఎక్కేశాడు. మంచం పోయి మంచె మిగిలింది. పైన గాలి పంచె నిలవనివ్వదు, ఇక ఈగేం నిలుస్తుంది!

పగలు తల్లీకూతుళ్లిద్దరూ వచ్చేవాళ్లు. దేవకుమారి గిన్నె కింద పెట్టేది కాదు, నిచ్చెన ఎక్కి చేతికిచ్చేది, ఇచ్చాక చెయ్యి తీసేది కాదు. పుష్పలత కొంగ ఈక తీసుకుని, "నాన్నా, కళ్లు మూసుకో. ఎక్కడ?" అనేది. "ఇక్కడ." "ఇప్పుడు?" "ఇక్కడ." కావాలని తప్పు చూపిస్తే కిలకిలా నవ్వేది.

పొద్దువాలేది. ఈగల వేళ అవుతోందని తనే వాళ్లని పంపేసేవాడు. గట్టు వెంట ఇద్దరూ చిన్నగా, ఇంకా చిన్నగా అయిపోయేవాళ్లు, ఆపైన ఇంట్లో దీపం వెలిగేది. గేదె పాకలోనే ఉండిపోయింది. బాతులకి చమత్కారం చెబితే ఎగిరిపోయేవి.

ఒక సాయంత్రం అతను ఈక తీసుకుని, కళ్లు మూసుకుని, తన చేత్తోనే మోచేతి మచ్చమీద అద్దుకున్నాడు.

"ఎక్కడ?" అన్నాడు పైకి.

తన చేత్తో అద్దుకుంటే ఎక్కడో ముందే తెలిసిపోతుంది. ఈకని తలగుడ్డలో భద్రంగా చుట్టి, రేపటి కోసం దాచాడు.