పడమట దయ్యం ఉన్న రోజు

రాతిదిమ్మె మీద మడతపెట్టిన నూలుగుడ్డ. ఇటు గన్నన్ అవ్వ, అటు మనవరాలు దల్లే. చెరి రెండు కర్రలు పట్టుకుని, ఒకరి దెబ్బకు ఒకరి దెబ్బ తగలకుండా కొడుతున్నారు. గంజిపెట్టిన గుడ్డ అలా దెబ్బలు తినీ తినీ నునుపెక్కుతుంది.

ఏళ్ల తరబడి ఆ పనే చేసి అవ్వ కుడి భుజం కిందికి జారిపోయింది. ఊళ్లో పెళ్లయినా, చావయినా గుడ్డ ఆమె దగ్గరికే వచ్చేది. అవ్వ పుట్టినప్పుడు ఆడపిల్లే కదా అని ఎవరూ పేరు పెట్టలేదు. గన్నన్, అంటే పసిగుడ్డు, అన్న పిలుపే పేరైపోయింది. మొగుడు పోయాడు. కొడుకును జపాను దొరలు బొగ్గుగనులకు పట్టుకుపోయారు. కోడలు జ్వరానికి పోయింది. మిగిలింది దల్లే ఒక్కతే.

"చెయ్యి తడబడుతోందే. కొత్త పెళ్లికూతురివని రాయి జాలిపడదు."

"కొప్పు బరువవ్వా. మెడ తిరగట్లేదు."

మొన్ననే పెళ్లయింది. అవ్వే పెళ్లికాని పిల్లల ఒంటిజడ విప్పి, పెళ్లయినవాళ్ల కొప్పు చుట్టి, కొయ్య కడ్డీ గుచ్చింది. వెండి కడ్డీని ఇత్తడి గిన్నెలతోపాటు జపాను దొరలు యుద్ధానికని ఎప్పుడో ఊడ్చుకుపోయారు. ఇప్పుడు ఫ్యాక్టరీలో పని అంటూ ఒంటిజడ పిల్లల్ని లారీలు ఎక్కిస్తున్నారు. వెళ్లిన పిల్లల కబురు ఒక్కటీ రాలేదు. అందుకే ఊరంతా హడావిడి పెళ్లిళ్లు. ఈడైన మగవాళ్లను సైన్యం తీసుకుపోగా, దల్లేకు దొరికినవాడు ఉప్పుమళ్లలో పనిచేసే దొక్సు. కుంటికాలు వల్ల మిగిలాడు.

ఆ దొక్సే వీపున బరువులు మోసే కొయ్యచట్రంతో వాకిట్లోకి వచ్చాడు.

"మూట కట్టవ్వా. ఎండెక్కకముందే పిల్లను తీసుకుపోతా."

"ఇవాళ కాదు." అవ్వ కర్రలు ఆపలేదు. "ఇవాళ దయ్యం పడమట కూర్చుంది. మీ ఊరు పడమరే. రేపు అది దిక్కు మారుతుంది, అప్పుడు తీసుకుపో."

"దయ్యం నన్నేం చేస్తుందవ్వా? కుంటితనం నాకు ముందే ఉంది."

దల్లే నవ్వాపుకోలేక మోచేత్తో మొహం దాచుకుంది.

"నోర్ముయ్యి. నా పెళ్లప్పుడు మా అత్త దిక్కు చూడలేదు. నా బతుకు చూస్తున్నావుగా."

దొక్సు గొంతు తగ్గించాడు. "నిన్న పక్క ఊరికి లారీ వచ్చిందట అవ్వా."

"కొప్పు చూసి పోతారులే."

దొక్సు పెద్దదాని మాట కాదనలేక వీపున చట్రం సర్దుకుని, "రేపు పొద్దున్నే వస్తా. కుంటోడు ఏం వస్తాడులే అనుకోకు" అన్నాడు దల్లేతో.

"రాకపోతే నేనే ఎదురొస్తా. నువ్వింకా సగం దారిలోనే ఉంటావు."

మధ్యాహ్నం దాటాక దల్లే అరుగు మీద కూర్చుని, నునుపెక్కిన గుడ్డను పరుపుకు కుడుతోంది. ఊరిపెద్ద వచ్చాడు. వెనకే ఒక గుమాస్తా, నడుముకు కత్తి వేలాడే పోలీసు. ఊరిపెద్ద నేలచూపులు చూస్తున్నాడు.

"దీనికి పెళ్లయింది బాబూ! కొప్పు చూడండి!" అవ్వ అడ్డం వచ్చింది.

"పెళ్లయితే అత్తారింట్లో ఉండాలిగా. మొగుడేడే ముసల్దానా?" అన్నాడు గుమాస్తా.

"రేపు వస్తాడు. ఇవాళ పడమర దిక్కు..." పొద్దున అంత గట్టిగా చెప్పిన మాటను అవ్వ ఇప్పుడు సగంలోనే వదిలేసింది.

గుమాస్తా నవ్వాడు. "ఊరంతా కొప్పులే. పెళ్లికొడుకులే కనపడరు." చెయ్యి చాచి కొయ్య కడ్డీ లాగేశాడు. కొప్పు విడిపోయి జుట్టంతా నడుందాకా జారింది. "ఇప్పుడు చూడు. పెళ్లికాని పిల్లే."

అవ్వ దల్లే నడుము పట్టుకుని వేలాడింది. పోలీసు ఆమె వేళ్లు ఒక్కొక్కటే విడదీశాడు. దిమ్మె మీద బండబారిన ఆ చేతుల్లో అంత బలం ఉంటుందని అతను అనుకోలేదేమో, రెండుసార్లు తిట్టాడు.

దల్లే ఏడవలేదు. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి, "పొయ్యి మీద బార్లీ అడుగంటుద్ది, దించుకో అవ్వా" అంది.

లారీ తూర్పు దారి పట్టింది.

కాసేపటికి మాడు వాసన వాకిట్లోకి వచ్చింది. అవ్వ లేవలేదు. పరుపు అంచున కుట్టు ఆగిన చోట సూది నిలువుగా గుచ్చి ఉంది, దాని బెజ్జంలోంచి వేలాడుతున్న దారం కొస దల్లే నోటి తడికి ఇంకా కొద్దిగా చెమ్మగానే ఉంది.