పైకి చదివే మనిషి పాస్‌వర్డు

మా ఆయనతో నేను మాట్లాడి తొమ్మిది రోజులైంది. పనిచేసేది మాత్రం ఒకే ప్రెస్సులో, ఒకే బల్లకు అటూ ఇటూ. ఇద్దరం ప్రూఫ్‌రీడర్లం. నేను రాతప్రతి పైకి చదువుతాను, ఆయన అచ్చుకాగితం చూస్తూ దిద్దుతాడు. ఈమధ్య వేసిన అట్లాసులో ఒక ఖండం పేరే గల్లంతైంది. నేను చదివినప్పుడు ఈ మహానుభావుడు ఆవలిస్తున్నాడు. ఓనరు కేకలేస్తే మాత్రం వేలు నా వైపు చూపించాడు. ఒళ్లు మండిపోయింది.

పక్కవీధి ప్రెస్సువాళ్లు నన్ను రమ్మన్నారు. శనివారంలోగా ఏదో ఒకటి చెప్పాలి. ఈయన నోటివెంట ‘తప్పు నాది’ అన్న మాట వస్తే ఉంటాను, రాకపోతే పోతానని తీర్మానించుకున్నాను. ఇరవై ఏళ్ల కాపురంలో ఆ మాట ఒక్కసారి అన్నాడంటే ఒట్టు.

ఆయన మెయిలు చూసుకునే తీరే వేరు. బొమ్మలుండవు, మౌసు పట్టడు. నల్లటి తెర మీద అక్షరాలు, అంతే. దాని పాస్‌వర్డు సెట్టింగుల ఫైల్లో అందరికీ కనబడేలా రాసిపెట్టుకున్నాడు. శుక్రవారం పొద్దున్నే వచ్చిన కంప్యూటర్ మెకానిక్ అది చూసి తల పట్టుకున్నాడు.

“ఏంటి సార్ ఇది! ఇంటికి తాళం వేసి, తాళంచెవి గుమ్మానికి వేలాడదీస్తారా ఎవరైనా?”

పక్కన కూర్చుని ఆయనచేతే చేయించాడు. పాస్‌వర్డును వేరే ఫైల్లోకి మార్చి, దానికి తాళం వేయించాడు. సెట్టింగుల్లో మాత్రం, ఆ ఫైలు తెరిచి తెచ్చుకోమనే ఆజ్ఞ ఒక్కటే ఉంచాడు. అది తెరవాలంటే ఒక రహస్యవాక్యం కొట్టాలట.

“పొడుగ్గా ఉండాలి సార్. మీ నోట ఎవరూ ఎన్నడూ విననిది పెట్టుకోండి. ఒకసారి కొడితే సాయంత్రం దాకా గుర్తుపెట్టుకుంటుంది.”

“వద్దు, పది నిమిషాలకే మరిచిపోవాలి. భద్రత అంటే భద్రతే,” అన్నాడు మా ఆయన. దేనికైనా అంతుండాలి గదా!

మెకానిక్ వెళ్లగానే తెర నాకు కనబడకుండా తిప్పుకున్నాడు. కీబోర్డుకు చెయ్యి కూడా అడ్డం పెట్టుకున్నాడు.

ఆయనకో జబ్బుంది. ప్రూఫులు చూసి చూసి, ఏది చదివినా, ఏది కొట్టినా పైకి అనేస్తాడు. మందుసీసాలు, దుకాణాల బోర్డులు, దేన్నీ వదలడు. అంటున్నట్టు ఆయనకే తెలియదు. కామాలతో సహా అంటాడు.

“తప్పు నాదే కామా నేనే ఆవలించాను కామా ఆవిడతో మాత్రం చచ్చినా చెప్పను ఫుల్‌స్టాప్.”

నా చేతిలో పెన్సిలు జారి కిందపడింది. బైండింగువాళ్లు తలలెత్తారు. పది నిమిషాలయ్యాక మళ్లీ అదే పాట. మూడోసారికి ఓనరు గదిలోంచి తొంగిచూసి, విని, మెల్లగా తలుపేసుకున్నాడు. మధ్యాహ్నానికి బైండింగువాళ్లు కలిసికట్టుగా ‘ఫుల్‌స్టాప్’ అందుకుంటున్నారు.

“ఏంటి వీళ్ల గోల?” అని విసుక్కున్నాడు మా ఆయన.

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. పాడుమనిషి, అన్నీ తెలుసు! బయటికెళ్లి, నేను రావడం లేదని పక్కవీధివాళ్లకు ఫోన్ చేశాను. తిరిగొచ్చి బల్ల ముందు నిలబడ్డాను.

“ఏవండీ.”

తొమ్మిది రోజుల తర్వాత నా పిలుపు విని ఉలిక్కిపడ్డాడు.

“ఆ వాక్యం మార్చండి. ప్రెస్సంతా విన్నది.”

ముఖం కందగడ్డైంది. “నువ్వూ... విన్నావా?”

“పద్నాలుగుసార్లు.”

తల వంచుకుని కొత్త వాక్యం పెట్టడానికి కూర్చున్నాడు. పెదవులు బిగించి, బుగ్గలు ఉబ్బించి, చాలాసేపు కొట్టాడు. మధ్యలో ఒకసారి నా వైపు చూసి నవ్వాడు కూడా. నేను చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. ఒక్క ముక్క బయటికి రాలేదు.

నాకు మళ్లీ ఒళ్లు మండింది.