వంటావార్పులో చిక్కిన వైవా

ఎల్బీనగర్ చౌరస్తాలో తెలంగాణ కోసం వంటావార్పు జరుగుతోంది. నడిరోడ్డు మీద పొయ్యిలు వెలిగించి, బండ్లు కదలకుండా బెంచీలు అడ్డం పెట్టారు. గడ్డిఅన్నారంలో బత్తాయిల వ్యాపారం చేసే పోచయ్యే దానికి పెద్దదిక్కు. రేపటి లాభం కావాలంటే ఇవాళ దుకాణం మూయక తప్పదని ఆయన లెక్క.

అప్పుడే కూతురు స్వప్న ఫోన్ చేసింది. ఎడ్యుకేషన్‌లో ఆమె పీహెచ్‌డీకి వైవా ఈరోజే. అది అయితేనే రేపటి గడువులోగా లెక్చరర్ పోస్టుకు దరఖాస్తు పెట్టగలదు. ఆ శాఖలో పోస్టు పడటం ఏళ్ల తర్వాత ఇదే. పరీక్షించడానికి విజయవాడ నుంచి వస్తున్న లలితకుమారి మేడమ్ కారు ఎల్బీనగర్‌లోనే ఆగిపోయిందట.

పోచయ్య కారు వెతికి పట్టుకున్నాడు. "మేడమ్‌ను నా స్కూటర్ మీద దించొస్త, జర పోనియ్యుండ్రి," అని బెంచీల దగ్గర కాపలా ఉన్న కుర్రాళ్లను బతిమాలాడు.

"అంబులెన్స్ తప్ప చీమను గూడ పోనియ్యద్దన్నది నువ్వే గద కాకా," అన్నాడు వాళ్లలో నగేశ్ అనేవాడు. "నీ బిడ్డకైతే ఇంకో రూలా? అయినా చదువు మీద మళ్ల చదువేంది?"

మార్కెట్లో ఒకసారి పలికిన మాట వెనక్కి తీసుకునేవాణ్ని పోచయ్య మనిషిగా లెక్కపెట్టడు. ఆయన మేడమ్ వైపు తిరిగాడు.

"వైవా గిక్కడనే పెట్టరాదా మేడమ్?"

"కుదరదండీ. యూనివర్సిటీలో కమిటీ ముందే జరగాలి," అందామె. తెల్లారకముందే బయలుదేరిన మనిషి, మొహం పీక్కుపోయింది. ఆయన విస్తరి వేసి వడ్డించాడు.

ఫోన్ మళ్లీ మోగింది.

"నాయినా, మేడమ్ దొరికిందా?"

"దొరికింది బిడ్డా."

"మరి బయల్దేరిన్రా? ఈడ అందరు ఎదురుచూస్తున్నరు."

పోచయ్య చౌరస్తా నలువైపులా చూశాడు.

"అన్నం తింటున్నది," అన్నాడు.