నీలిగాజుల నెమలి

నంద్యాలలో పుట్టి పెరిగిన లూదియాకు ఎనభై మూడులో ఆళ్లగడ్డకు పైన, నల్లమలలోని ఒక చెంచుగూడెం బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది. లెక్కలు చెప్పడం కన్నా బొమ్మలు వేయించడమంటే ఆమెకు ఇష్టం. డ్రాయింగు పరీక్షలు కూడా పాసయింది. కానీ ఆ బడికి వచ్చేవి పలకలూ సుద్దముక్కలే. రంగులు పంపమని అడిగితే పై ఆఫీసులో నవ్వి ఊరుకున్నారు.

ఆ ఫాల్గుణంలో అహోబిలం తిరునాళ్ల ముగిశాక, కొండదారి పొడుగునా జనం పారేసి పోయినవి ఆమె కంటపడ్డాయి. ఖాళీ డబ్బాలు, సోడా బిరడాలు, పగిలిన గాజులు, సిగరెట్టు పెట్టెల్లోని వెండికాగితాలు. పిల్లలకు తలా ఒక సంచి ఇచ్చి వెంట తీసుకుపోయింది. ఏరినవన్నీ కడిగించి, ఆరబెట్టించి, రంగుల వారీగా కుప్పలు పోయించింది. బడి గోడకు తడిమన్ను మెత్తి, ఎవరికి తోచిన బొమ్మ వాళ్లను అందులో పొదగమంది.

ఒక పిల్లవాడు తేనెపట్టు దించుతున్న తాతను చేశాడు. పట్టంతా సోడా బిరడాలే. వెదురు కొట్టే బయ్యన్న కూతురు బయ్యమ్మ నెమలిని మొదలుపెట్టింది. లూదియా రేకు కత్తిరించి ఇస్తే ఈకలుగా గుచ్చి, పింఛం కళ్లకు నీలిగాజు ముక్కలు పెట్టింది. సగం పింఛం అయ్యేసరికి నీలివి అయిపోయాయి. ఎర్రవి పెట్టమంది లూదియా. ఎర్రకళ్ల పింఛం యాడన్నా చూసినావా అని అడిగిందా పిల్ల.

నీలిగాజుల కోసం బయ్యమ్మ ఒక్కతే కొండదారికి పోయింది. ఎండుటాకుల కింద ఉన్న తుప్పు డబ్బా మూత ఆమె అరికాలిని కోసేసింది. ఇంట్లో తెలిస్తే మళ్లీ బడికి పంపరని భయపడి, గుడ్డపీలిక చుట్టుకుని ఎవరికీ చెప్పలేదు. కొన్నాళ్లకు కుంటుతూ వచ్చిన పిల్లను కూర్చోబెట్టి లూదియా కట్టు విప్పి చూసింది. పాదం వాచిపోయి ఉంది. గాయం చీము పట్టింది. ఒళ్లు కాలిపోతోంది.

లూదియా తల్లి కృపావతి నంద్యాలలో ఒక ఆసుపత్రిలో నర్సు. చిన్నప్పుడు ఒకసారి తల్లితో అక్కడికి వెళ్లినప్పుడు, ధనుర్వాతంతో దవడలు బిగుసుకుపోయిన రైతును లూదియా చూసింది. ఇప్పుడు ఆ ముఖమే కళ్లముందు కదిలింది. పిల్లను ఎత్తుకుని బయ్యన్న గుడిసెకు పోయి, ఎలా జరిగిందో దాచకుండా చెప్పింది. వెదురు కొట్టే పని నుంచి అప్పుడే వచ్చిన బయ్యన్న కొడవలి కింద పెట్టి పిల్లను అందుకున్నాడు. ఆకుపసరు పిండి గాయం మీద వేశాడు. నంద్యాల ఆసుపత్రికి పోదామంటే మాత్రం తల అడ్డంగా ఊపాడు. కాన్పు కష్టమై భార్యను అక్కడికే తీసుకుపోయాడట.

"దాని తల్లిని గూడా ఆడికే తీసకపోతిమి. మూటగట్టి ఇచ్చిరి" అన్నాడు.

లూదియా అతని ఎదురుగా నేల మీద కూర్చుంది.

"బతుకుతాదని నేను చెప్పలేను, బయ్యన్నా. ఈడనే పెట్టుకుంటే మాత్రం నాకు చానా భయంగా ఉంది. నా పనివల్లనే దెబ్బ తగిలింది. మీతోనే వస్తా, మళ్లా మీతోనే వెనక్కొస్తా."

బయ్యన్న కూతురి నుదురు తాకి చూశాడు. తర్వాత కంబళి చుట్టి భుజాన వేసుకున్నాడు.

వెదురు లారీలో ఆళ్లగడ్డ చేరి, అక్కడ నంద్యాల బస్సెక్కారు. జ్వరానికి పిల్ల పళ్లు టకటకా కొట్టుకుంటుంటే, దవడ బిగుస్తోందేమోనని లూదియా మాటిమాటికీ నోరు తెరవమంది. విసుగొచ్చి బయ్యమ్మ తండ్రి చంకలో ముఖం దాచుకుంది.

ఆసుపత్రిలో కృపావతి పరుగున పోయి డాక్టరును పిలుచుకొచ్చింది. పిల్లను లోపలికి తీసుకుపోయారు. బల్ల మీద కూర్చోమన్నా బయ్యన్న కూర్చోలేదు, తలుపు పక్కనే నిలబడ్డాడు. లూదియా ప్రార్థన చేయబోయింది. ప్రభువా అన్నదే మళ్లీ మళ్లీ అంటూ ఉండిపోయింది.

చాలాసేపటికి డాక్టరు బయటికొచ్చి, ధనుర్వాతం కాదన్నాడు. గాయంలో రేకుముక్క ఒకటి ఉండిపోయిందట. తీసేసి చీము కడిగామని, సూది కూడా వేశామని, జ్వరం తగ్గిపోతుందని చెప్పాడు. ఆ మాటలు బయ్యన్న బుర్రకెక్కలేదు.

"ఏందంట?" అని లూదియాను అడిగాడు.

"ఏం కాదంట. అన్నం అడుగుతాందంట."

బయ్యన్న గోడకు జారగిలబడి నేల మీద కూలబడ్డాడు. తలగుడ్డతో ముఖం కప్పుకుని ఏడ్చాడు. లూదియా కూడా అతని పక్కనే చతికిలబడింది. కృపావతి ఇద్దరినీ అక్కడే వదిలి పిల్లకు అన్నం కలపడానికి పోయింది.

పుండు మాని తిరిగి వస్తున్నప్పుడు, ఇక ఆ ఏరుడు పని మానేస్తానని, గోడ కూడా గీకించేస్తానని లూదియా చెప్పింది. ఆళ్లగడ్డలో లారీ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నప్పుడు బయ్యన్న ఆ మాట ఎత్తాడు.

"నువ్వు రాకముందు గూడా అవి మా కాళ్లు కోస్తానే ఉండె, టీచరమ్మా. మేకల కాళ్లు గూడా. ఎవురూ ఏరలే. నువ్వు మానేస్తే అవి యాడికి పోతాయి? ఏరేది మేం ఏరతాం. పిల్లోళ్లను బొమ్మలు చేసుకోనీ."

సరేనంది లూదియా. బయ్యమ్మ మాత్రం ఆ మాటలేవీ పట్టించుకోలేదు. కృపావతి గాజులంగడిలో అడిగి తెచ్చిన నీలిముక్కల పొట్లం ఒళ్లో పెట్టుకుని, చాలుతాయా లేదా అని చూసుకుంటోంది.

మరుసటి ఏడు తిరునాళ్ల అయ్యాక బయ్యన్న, అతని అక్క ఈశ్వరమ్మ, ఇంకొందరు పెద్దవాళ్లు లారీ టైరు చెప్పులు తొడుక్కుని ముందు పోయారు. డబ్బాల అంచులు రాతితో కొట్టి లోపలికి మడిచారు. గాజుపెంకులు వేరుగా గంపలో వేశారు. దారంతా ఏరేసిన తర్వాతే పిల్లలను రానిచ్చారు.

పిల్లలు వట్టికాళ్లతో కేకలేసుకుంటూ పల్లానికి పరుగెత్తారు. అందరికన్నా ముందు బయ్యమ్మ. లూదియా వాళ్ల పాదాలనే చూస్తూ నిలబడింది. ఎవరూ ఆగలేదు, ఎవరూ కుంటలేదు. సంగటి చల్లారిపోతాందని ఈశ్వరమ్మ వెనకనుంచి పిలిచింది. లూదియాకు అప్పుడు ఆకలి తెలిసింది. వెనుదిరిగి పోయి ఆమె పక్కన కూర్చుంది.