పుప్పొడి మేడమ్ సైటేషన్లు

ఆ విభాగంలో ఆవిడను అందరూ పుప్పొడి మేడమ్ అనేవారు. మైక్రోస్కోపు కింద పుప్పొడి రేణువులను ఫోటోలు తీసి, ఏది ఏ మొక్కదో తేల్చి చెప్పడం ఆవిడ పని. తేనె మీద, పంటల మీద, ఉబ్బసం మీద పరిశోధించేవాళ్లు ఎవరడిగినా కాదనకుండా ఇచ్చేసేది. వాళ్లు తమ పేపరు చివర రెండు ముక్కల్లో ధన్యవాదాలు చెప్పి ఊరుకునేవారు.

ప్రొఫెసర్ పోస్టు ఖాళీ అయ్యేసరికి ఆ మంచితనమే ఆవిడ కొంప ముంచింది. ఒకరి పేపరును ఇంకొకరు ఆధారంగా చూపిస్తేనే సైటేషన్. కంప్యూటరు లెక్కపెట్టేది వాటినే. ధన్యవాదాలు దాని కంటికి ఆనవు. ఆవిడ పేరు పక్కన అంకె వెలవెలబోయింది. పోటీకి వచ్చినవాడు పక్కగదిలో ఉబ్బసం మీద పనిచేసే డాక్టరు, ఆవిడను నోరారా అక్కా అని పిలిచేవాడు. అతని అంకె నాలుగింతలు.

ఇంటర్వ్యూ చివర ఇద్దర్నీ కలిపి లోపలికి పిలిచారు.

"అంకెలు చూశాక మాట్లాడుకోవడానికి ఏముందమ్మా?" అన్నారు కమిటీ పెద్దాయన. ఆవిడ తలదించుకుంది.

"ఉందండీ," అన్నాడు డాక్టరు. "నా సైటేషన్లలో సగానికి పైగా ఒక్క పేపరువే. పిల్లలకు ఏ పుప్పొడి వల్ల ఆయాసం వస్తోందో చెప్పిన పేపరది. ఆ పుప్పొడిని పట్టుకున్నది అక్క. నేనేమో ఆవిడ పేరు తీసుకెళ్లి చివర ధన్యవాదాల్లో పడేశాను."

"ఇది చెబితే నష్టం నీకే కదయ్యా?"

"తెలుసండీ. అందుకే గొంతు ఆరిపోతోంది, కాసిని మంచినీళ్లు ఇప్పించండి."

అందరూ నవ్వేశారు. పెద్దాయన మాత్రం నవ్వి ఊరుకోలేదు. బయటి నిపుణులను కనుక్కోమన్నారు. అడిగిన ప్రతిచోటా ఒకటే మాట: "ఆవిడ ఫోటోలు లేకపోతే మాకు పని నడవదు." పోస్టు ఆవిడకే వచ్చింది.

ఉత్తర్వు అందగానే ఆవిడ పక్కగదికి వెళ్లింది.

"నీ నోటి దగ్గర కూడు నాకు పెట్టావు కదరా!"

"నాకింకా వయసుందిలే అక్కా. ఈసారి పేపరులో మాత్రం మీ పేరు నా పేరు పక్కనే."

ఆవిడ అతని భుజం తట్టి వరండాలోకి వచ్చేసి భర్తకు ఫోన్ చేసింది.

"ఏమైంది, రాలేదా?" ఆయన కంగారుపడ్డాడు.

"వచ్చిందండీ."

"మరి ఏడుపెందుకే?"

"ఇప్పించినవాణ్ణి తలుచుకుంటే ఆగడంలేదు," అంది కళ్లు తుడుచుకుంటూ. "రాత్రికి వాణ్ణి భోజనానికి పిలుస్తున్నా. మీరు కాస్త త్వరగా రండి."