ఎవరూ అడగని పుస్తకం

"మైదా పిండంతా ఇలాగ తగలేత్తే పిల్లలకి పూరీలు దేంతో సేత్తావే?" అంది మా అత్తగారు సామ్రాజ్యం, వంటింటి గుమ్మంలో నిలబడి.

నేను కుంపటి మీద జిగురు కాస్తున్నాను. పుస్తకాలకి అట్టలు వెయ్యాలి. జంషెడ్‌పూర్‌లో మా తెలుగు సంఘానికి గది లేదు, ఉన్నదల్లా ఒక ఇనప పెట్టెడు పుస్తకాలు. ఆ పెట్టె కొన్నాళ్లు కద్మాలో, కొన్నాళ్లు బారిడీహ్‌లో, కొన్నాళ్లు పర్సుడీహ్‌లో, వంతులవారీగా సభ్యుల ఇళ్లలో ఉంటుంది. ఎవరింట్లో దిగితే ఆదివారం సాయంత్రం సభ్యులంతా అక్కడికి వస్తారు. ఆ ఇంటి మగాయన పుస్తకాలు ఇస్తాడు. ఆ ఇంటి ఆడమనిషి టీ ఇస్తుంది, పకోడీలు వేస్తుంది, చిరిగిన పుస్తకాలు కుట్టి అట్టలు వేస్తుంది. ఈ రెండోది సంఘం నిబంధనల్లో ఎక్కడా లేదు. అయినా తప్పకుండా జరిగేది అదొక్కటే. ఇప్పుడు పెట్టె బారిడీహ్‌లో మా క్వార్టరులో ఉంది. పుస్తకాలిచ్చే మగాయన మా ఆయన శాంతకుమార్.

ఆయన ఫ్యాక్టరీలో పొద్దుటి ఎ షిఫ్టుకి వెళ్తే తెల్లారకముందే టిఫిను కట్టాలి. రాత్రి సి షిఫ్టు చేసి వస్తే పగలంతా ఇంట్లో చప్పుడు కాకూడదు. గిన్నెలు తోమాలి, చప్పుడు కాకూడదు. పిల్లలు ఆడుకోవాలి, చప్పుడు కాకూడదు. ఏడవడం కూడా నేను అలాగే నేర్చుకున్నాను. ఎందుకు ఏడుస్తున్నానో నాకే తెలిసేది కాదు. ఎవరూ కొట్టలేదు, ఎవరూ తిట్టలేదు. పప్పు రుబ్బుతూ ఉంటే కళ్లు వాటంతటవే కారిపోయేవి. ఒంట్లో జ్వరం లేదు, కానీ పక్కమీద నుంచి లేవాలంటే బరువుగా ఉండేది. "ఏటి లోటు నీకు? క్వార్టరుందా, కరెంటుందా, మీ అప్పచెల్లెళ్లలో ఎవులింట్లోనైనా ఫ్యానుందా?" అనేవారు ఆయన. లేదనేదాన్ని. ఏడుపు మాత్రం ఆగేది కాదు.

ఈ ఊళ్లో ఎవరైనా కాస్త తేడాగా ఉంటే "రాంచీ పంపాల్సిందే" అంటారు. పిచ్చాసుపత్రి అక్కడుంది మరి. పిల్లలు కూడా ఒకళ్లనొకళ్లు వెక్కిరించుకునే మాట అది. ఆయన కూడా మొదట నవ్వుతూనే అన్నారు. తర్వాత నవ్వడం మానేశారు. కిందటివారం పాస్టరుగారితో, నేను వినేలాగే, "ఈస్టరెల్లేక సెలవెట్టి ఓసారి రాంచీ తీసుకెళ్లి సూపిత్తానండి" అన్నారు. పాస్టరుగారు నా తలమీద చెయ్యివేసి ప్రార్థన చేశారు. అప్పుడు నా చేతుల్లో టీ కప్పులున్నాయి. ఒలికిపోతాయని కళ్లు కూడా మూసుకోలేదు.

నా భయం ఆస్పత్రి అంటే కాదు. ఒకసారి రాంచీ వెళ్లొచ్చిన ఆడదాని మాటని ఈ ఊరు మళ్లీ మాటగా వినదు. ఉప్పు తక్కువైందన్నా, పిల్లాడికి ఒళ్లు కాలుతోందన్నా, "దాని మాటకేంలే" అంటారు. ఇప్పుడు నా మాట వినేవాళ్లు ఎక్కువమంది లేరు, నిజమే. ఉన్న ఆ కాస్తా పోతే ఇక బతకలేననిపించింది.

పెట్టెలో అన్ని రకాలూ ఉన్నాయి. కవిత్వం, వేదాంతం, డిటెక్టివ్ నవలలు. పుస్తకం కావలసినవాళ్లు లేచి నిలబడి పుస్తకం పేరూ తమ పేరూ అందరికీ వినిపించేలా చెప్పాలి. సభ్యులు మగవాళ్లే కాబట్టి చెప్పేదీ వాళ్లే. రైల్వే గార్డు గణపతిరావుగారు గొంతు సవరించుకుని వేదాంతం అడుగుతారు, దానితోపాటు డిటెక్టివ్ నవల పేరు గొణుగుతారు. వేదాంతం ఎన్ని ఇళ్లు తిరిగొచ్చినా పెళ్లికూతురిలా కొత్తగానే ఉంటుంది. కుట్లూడి వచ్చేవి డిటెక్టివ్ నవలలే. కవిత్వం పుస్తకాల్లో మాత్రం గుర్తుకోసం చీపురుపుల్లలు పెట్టి ఉంటాయి. ఆ ఇళ్లలో చీపురు ముట్టుకునేది ఎవరో నాకు తెలుసు. వాటిని కదపకుండా అట్టలు వేస్తాను.

అన్నిటికీ అడుగున, మనసు జబ్బుల గురించి ఒక డాక్టరు రాసిన పుస్తకం ఉంది. ఇన్నేళ్లలో దాన్ని ఎవరూ అడగలేదని మా ఆయనే చెప్పారు. నిలబడి ఆ పేరు గట్టిగా చెప్పి, పక్కన తన పేరు చెప్పుకునే ధైర్యం ఎవరికుంటుంది? ఆ మధ్యాహ్నం జిగురు చల్లారాక దాన్ని తీశాను. ఒక్కచోట అది దానంతటదే తెరుచుకుంది. తెరిపి లేని ఇంటి చాకిరీతో, చెప్పుకోవడానికి మనిషి లేక అలసిపోయిన మనసు ఊరికే ఏడుస్తుందనీ, అది పిచ్చి కాదనీ, విశ్రాంతీ వినే మనిషీ కావాలనీ రాసుంది. మూడోసారి చదువుతుంటే అక్షరాలు కాక వాటి వెనకున్న కాగితం కనిపించింది. అంచున పసుపు వేలిముద్ర. పక్కన నూనె చుక్క, ఎండిన పాలమరక, ఇంకోచోట అంటుకుపోయిన చోడిపిండి.

డిటెక్టివ్ నవలలు నేను ఊరికే చదవలేదు. ఎవరూ అడగని పుస్తకం మీద ఇన్ని మరకలు ఎక్కడివి? పెట్టె దిగిన ప్రతి ఇంట్లోనూ, మగవాళ్లు డ్యూటీకి వెళ్లాక, ఎవరో ఒకరు మూత తీశారు. ఇంతమందిమి ఒకళ్లకొకళ్లం తెలీకుండా ఒకే పేజీ దగ్గర ఆగామని నాకు దుఃఖం వచ్చింది. చాలా రోజుల తర్వాత, ఎందుకు ఏడుస్తున్నానో తెలిసి ఏడిచాను.

పేజీ కింద చిన్న కాలిన మచ్చ కూడా ఉంది, ఇంకా వాసన పోలేదు. మా అత్తగారు పాస్టరుగారికి తెలీకుండా పెరట్లో చుట్ట కాలుస్తుంది. మా వైపు ముసలమ్మల్లాగే నిప్పు నోట్లోకి పెట్టుకుని కాలుస్తుంది. అలా కాలిస్తే నిప్పురవ్వ బయట పడదు. చదువుతూ చదువుతూ నోరు తెరిచేసి ఉంటుంది.

ఆదివారం అందరూ వచ్చారు. మా ఆయన ఆ పుస్తకం పైకెత్తి, "దీన్ని ఎవులూ అడగరు. పెట్టెకి బరువు తప్ప ఏటీ లేదు. తూకానికి ఇచ్చేద్దాం" అన్నారు. పోలయ్యగారు సరేనన్నారు. వచ్చే నెల పెట్టె పర్సుడీహ్‌లో ఆయనింటికే వెళ్తుంది. ఆయన భార్య నూకాలమ్మ మొన్న బజారులో కనిపించి, "నిద్దర్రావట్లేదు వదినా, గుండెల్లో ఏటో దడ" అంది. నేను ఏమీ అనకుండా పుస్తకాన్ని బియ్యం డబ్బా వెనక దాచేసుకోవచ్చు. నా వరకు సరిపోతుంది. నూకాలమ్మ మూత తీసినప్పుడు మాత్రం అడుగున ఏమీ ఉండదు.

టీ ట్రే పట్టుకుని గుమ్మంలోనే నిలబడి, "మనసు జబ్బుల పుస్తకం. జయకుమారి" అన్నాను.

ఆయన మిగతావాళ్లకేసి చూసి నవ్వారు. "సూసేరా, నేను సెప్పనేదా? ఈస్టరు దాకా ఏటికి, రేపే రాంచీకి టిక్కెట్టు తీత్తాను."

అందరూ నవ్వారు. మీ అమ్మని అడగండి అనే మాట నా నోటిదాకా వచ్చింది. అనలేదు. ఆవిడ దాచుకున్నదాన్ని బయటపెట్టి నేను గెలవక్కర్లేదు.

వెనక గదిలోంచి మా అత్తగారి గొంతు వినిపించింది. "ఒక టిక్కెట్టేటి సరిపోద్దిరా? నాకోటి తియ్యి. ఈ పెట్టి దిగిన ఇంటింటికీ ఒకోటి తియ్యి."

నవ్వు ఆగిపోయింది. గణపతిరావుగారు పోలయ్యగారికేసి చూశారు, పోలయ్యగారు పెట్టెకేసి చూశారు. నేను వాళ్ల మధ్యలోంచి నడిచి వెళ్లి టీ ట్రే మా ఆయన చేతుల్లో పెట్టాను. పట్టుకోవాలంటే ఆయన పుస్తకం వదలాలి కదా, వదిలారు.