ఎవరి గిన్నె వాళ్లు

సాంబారు కట్టిచ్చే ప్లాస్టిక్ కవర్లతో కోడుమూరు బస్టాండు దగ్గరి మురిక్కాలవలన్నీ పూడిపోయాయి. వాటి బదులు ఏం వాడాలో తేల్చుకుందామని టిఫిన్ హోటలు ఓబుళశెట్టి డ్వాక్రా సంఘం ఆడవాళ్లను పిలిపించాడు.

"దీనికంత ఆలోచన ఎందుకు? పార్శిలు కావాల్సినోళ్లు ఎవరి గిన్నె వాళ్లు తెచ్చుకుంటే సరి" అన్నాడు శెట్టి.

అందరూ తలలూపారు. రాహేలమ్మకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ఒకప్పుడు ఈ హోటల్లో ఆమె పేటవాళ్లకు ప్లేటు ఇచ్చేవారు కాదు. గడప కూడా తొక్కనిచ్చేవారు కాదు.

"గిన్నె తెచ్చేది మాకు కొత్త కాదు శెట్టీ!" అంటూ లేచి నిలబడింది. "మా నాయన బతికినన్నాళ్లూ తెచ్చినాడు. గిన్నె తగిలితే మైల అని మీ నాయన పైనుంచి ఇడ్లీలు పడేస్తాండె. అది కూడా చెత్త తగ్గిచ్చేదానికేనా?"

శెట్టి మొహం మాడింది. "పాత కతలు ఎందుకులే రాహేలమ్మా. ఇప్పుడేం చేద్దామో నువ్వే చెప్పు."

ఆమె సంచిలోంచి తాను కుట్టిన మోదుగ విస్తరాకు తీసి అతని ముందు విసురుగా పరిచింది.

"మా సంఘమోళ్లం కుట్టి ఇస్తాం. సాంబారుకు దొప్పలూ ఇస్తాం. ఈడ కూచుని తినేటోళ్లకైనా, పార్శిలోళ్లకైనా అందరికీ ఇదే ఆకు." వంటవాడి వైపు తిరిగింది. "రెండు ఇడ్లీలు ఎయ్యప్పా. మొదట మీ శెట్టి తింటాడు."

వేడివేడి ఇడ్లీలు ఆకులో పడ్డాయి. శెట్టి చెయ్యి ఆకు దాకా వచ్చి ఆగిపోయింది.

"ఏం శెట్టీ," అంది రాహేలమ్మ, "ఇంటి నుంచి గిన్నె తెప్పిచ్చుకుంటావా?"